మూడున్నర రూపాయల వడ్డీ అని ముందే తెలిస్తే గీకేవాణ్ణా? రెండు కార్డులు, ఒక లోన్, ఒక యాప్. దారి చెప్పండి

మియాపూర్_మధ్యతరగతి:
నమస్కారం అండీ. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణే, రాయడం ఇదే మొదటిసారి. ఇంట్లో చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

నాకు 33 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, కటింగులన్నీ పోను చేతికి 58 వేలు వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప. ఇంటద్దె 17 వేలు. ఇక అప్పులు:

మొదటి కార్డు 1,42,000. మినిమం, అంటే బిల్లులో కనీసం కట్టి తీరాల్సింది, నెలకు 7,100.
రెండో కార్డు 88,000. మినిమం 4,400.
చెల్లి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్‌లో ఇంకా 2,60,000 ఉంది. ఈఎంఐ 11,400.
నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్న ఫోన్‌కు నెలకు 4,150, ఇంకా ఏడు నెలలు.
ఒక యాప్‌లో తీసుకున్నది 35,000. నెలకు 6,300.

అంతా కలిపితే ఐదున్నర లక్షలు దాటింది. నెలకు వీటికే 33,350 పోతుంది. అద్దె కూడా కట్టేశాక 7,650 మిగులుతుంది. పాలు, కూరగాయలు, పాప స్కూల్ వ్యాన్ అందులోంచే. అందుకని కిరాణా కార్డు మీదే తెస్తున్నాను. నెలకు ఆరేడు వేలు అవుతుంది.

నేను తాగను, పేకాట లేదు, బెట్టింగ్ లేదు. మినిమం ఒక్క నెల కూడా తప్పలేదు. సిబిల్ స్కోరు కూడా బాగానే ఉంది. మరి మూడేళ్లుగా కడుతున్నా బాకీ ఎందుకు తగ్గడం లేదు? ఎక్కడ తప్పు చేస్తున్నాను?

పాయింట్ల_రాజా:
బ్రో, తప్పు కార్డుది కాదు. నేను ఆరేళ్లుగా మూడు కార్డులు వాడుతున్నా. ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. పైగా పాయింట్లతో ఏడాదికోసారి వైజాగ్ ఫ్లైట్ టికెట్లు వస్తాయి. డ్యూ డేట్‌కి మొత్తం కట్టేస్తే సరిపోయేది కదా. డిసిప్లిన్ ఉండాలి.

మియాపూర్_మధ్యతరగతి:
మొత్తం కట్టే స్థితి ఉంటే ఈ పోస్టు ఎందుకు పెడతానన్నా.

పాత_మేనేజర్:
రాజా గారూ, మీ టికెట్ డబ్బులు ఎవరు కడుతున్నారో తెలుసా? ఈ అబ్బాయే. కార్డుల వ్యాపారంలో మీలాంటి వాళ్లను ట్రాన్సాక్టర్ అంటారు. ఇతనిలా బాకీ నెల నెలా తోసుకుంటూ పోయేవాళ్లను రివాల్వర్ అంటారు. పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు. మీ వల్ల వాళ్లకు వచ్చేది షాపు కమీషన్‌లో వాటా. అసలు పంట పండేది ఇతని దగ్గర.

మియాపూర్ బాబూ, నేను గ్రామీణ బ్యాంకులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీ నాన్నగారిది వ్యవసాయమా? అయితే మన ఊళ్ల లెక్కలో చెబుతాను. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. ఊళ్లో దాన్ని ధర్మవడ్డీ అనేవాళ్లు. రెండు రూపాయలంటే కాస్త ఆలోచిస్తారు. మూడంటే అవసరం నెత్తి మీదికి వస్తే తప్ప నోటు రాయరు. ఐదు రూపాయలకు తిప్పేవాడి ఇంటి ముందు నుంచి నడవడానికి కూడా ఇష్టపడరు.

నీ కార్డు స్టేట్‌మెంట్ రెండో పేజీ తీసి చూడు. నెలకు మూడున్నర శాతం అనో, దానికి అటూ ఇటుగానో ఉంటుంది. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి నాలుగు రూపాయల 13 పైసలు. ఏడాదికి దాదాపు 50. ఏసీ గదిలో, టై కట్టుకున్న కుర్రాడు, నీ పేరు అచ్చేసిన ప్లాస్టిక్ ముక్క ఇచ్చేసరికి అది వడ్డీ వ్యాపారంలా కనబడలేదు, అంతే.

షాపు_వరంగల్:
మేనేజర్ సార్, సరిగ్గా చెప్పిన్రు. మా బాపు 2 రూపాయల మిత్తి అంటేనే లేచి వచ్చేసేవాడు.

లెక్కలపిచ్చి:
ఎందుకు తగ్గడం లేదు అన్నదానికి లెక్క వేశాను. రెండు కార్డులూ కలిపి 2,30,000. పైన సార్ చెప్పిన 4.13 శాతం చొప్పున నెలకు వడ్డీ, జీఎస్టీ కలిపి 9,500. నువ్వు కట్టే మినిమం 11,500. అంటే అసలులోకి వెళ్లేది 2 వేలు. నువ్వే నెలకు ఆరేడు వేల కిరాణా దాని మీద వేస్తున్నావు. తగ్గడం లేదు అంటావేంటి, పెరుగుతోంది.

ఇంకోటి. పాత బాకీ ఉన్నంత కాలం కొత్త కొనుగోళ్లకు ఆ 45 రోజులు, 50 రోజుల వడ్డీ లేని గడువు వర్తించదు. శనివారం తెచ్చిన కందిపప్పుకు శనివారం నుంచే వడ్డీ మొదలవుతుంది. పప్పు ఆదివారమే అయిపోతుంది.

లక్ష బాకీ పెట్టుకుని, కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడకుండా ఏడాదంతా 5 శాతం మినిమం కడితే ఏమవుతుందో చూద్దాం. 12 నెలల్లో సుమారు 59 వేలు కడతావు. ఏడాది చివర బాకీ 88 వేలు ఉంటుంది. అదే దారిలో వెళ్తే బాకీ సగానికి రావడానికి ఐదేళ్లు దాటుతుంది.

మియాపూర్_మధ్యతరగతి:
59 వేలు కడితే 12 వేలే తగ్గుతుందా? రెండుసార్లు చదివాను. కాలిక్యులేటర్‌లో నేనే వేసుకుని చూశాను. నిజమే. ఈ రాత్రికి నిద్ర పట్టదు.

జెర్సీ_తెలుగోడు:
భయపడకు బాస్, నేనూ ఈ గోతిలోంచే లేచాను. 2014లో ఎమ్మెస్‌కు అమెరికా వచ్చాను. నాన్న ఖమ్మం దగ్గర పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తెచ్చాడు. ఇక్కడ మొదటి ఉద్యోగం రాగానే వరుసగా కార్డులు వచ్చాయి. ఒక ఫర్నిచర్ షాపులో 12 నెలలు వడ్డీ లేదంటే సోఫా, మంచం తీసుకున్నాను. చివర్లో 140 డాలర్లు మిగిలాయి, ఒక్క నెల ఆలస్యం. అంతే, మొదటి రోజు నుంచి, మొత్తం ధర మీద వడ్డీ వేసి పంపారు. దాన్ని డిఫర్డ్ ఇంటరెస్ట్ అంటారని ఆ రోజే తెలిసింది. వడ్డీ లేకపోవడం వేరు, వడ్డీని దాచి ఉంచడం వేరు.

ఇక్కడ 2009లో వచ్చిన చట్టం వల్ల ప్రతి స్టేట్‌మెంట్ మీద ఒక పెట్టె గీసి అచ్చేస్తారు: మినిమం మాత్రమే కడితే ఇన్నేళ్లు పడుతుంది, మొత్తం ఇంత కడతావు, మూడేళ్లలో తీర్చాలంటే నెలకు ఇంత కట్టు అని. అది చూస్తూనే నేను మూడేళ్లు మినిమమే కట్టాను. నెలనెలా చూసి చూసి ఆ పెట్టె వాల్‌పేపర్‌లా అయిపోయింది. అందుకే హెచ్చరికలు వేస్తే జనం మారిపోతారంటే నేను నమ్మను.

పాత_మేనేజర్:
మన దగ్గరా 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో అది ఉంది. మినిమం మాత్రమే కడితే తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందని, చక్రవడ్డీ పడుతుందని స్టేట్‌మెంట్‌లో హెచ్చరిక వేయాలి. వేస్తున్నారు కూడా. కళ్లద్దాలు పెట్టుకుని వెతికితే కనబడుతుంది.

అన్నట్టు కార్డు వడ్డీ 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వడ్డీ ఎంతన్నది రిజర్వు బ్యాంకు పరిధిలోని విషయం, కమిషన్‌ది కాదు అంది. కాబట్టి కోర్టు వచ్చి తగ్గిస్తుందని కూర్చోకు.

మియాపూర్_మధ్యతరగతి:
ఇంకో విషయం దాచాను. చెప్పేస్తాను. గత ఎనిమిది నెలలుగా ఒక షాపులో మొదటి కార్డు గీకి, క్యాష్ తీసుకుని, దాంతో రెండో కార్డు కడుతున్నాను. మరుసటి నెల రెండోది గీకి మొదటిది. వాడు నూటికి రెండు పట్టుకుంటాడు. రొటేషన్ అంటారు. ఆఫీసులో నలుగురైదుగురు ఇదే చేస్తున్నారు.

షాపు_వరంగల్:
తమ్మీ, నాది మొబైల్ షాపు. నా దగ్గరికి కూడా వారానికి ఇద్దరు ముగ్గురు వస్తరు, అన్నా గీకి క్యాష్ ఇయ్యి అని. నేను ఇయ్యను. మంచోణ్ణని కాదు, మెషిన్ పీక్కపోతరని. కొనకుండా కొన్నట్టు బిల్లు చేసుడు రూల్‌కి విరుద్ధం, పట్టుకుంటే నీ కార్డు కూడా బ్లాక్ చేస్తరు. రెండు శాతం కదా అనుకోకు. నెలకు రెండు శాతం, ఆ పైన నాలుగు. మొత్తం ఆరు రూపాయల మిత్తికి తెచ్చుకుంటున్నవ్.

ఫోన్ సంగతి కూడా చెప్త. నువ్వు నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నవ్ కదా. నా కౌంటర్ దగ్గర ఫైనాన్స్ పిల్లగాడు కూర్చుంటడు. వడ్డీ లేకుండా ఎవడూ ఇయ్యడు. ఆ వడ్డీని ఫోన్ కంపెనీయో, మేమో డిస్కౌంట్ పేరుతో ముందే కడతం. అందుకే క్యాష్ కస్టమర్ అడిగితే ఇచ్చే తగ్గింపు ఈఎంఐ వాళ్లకు ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు వేరే. కార్డు మీద చేస్తే ఆ వడ్డీకి జీఎస్టీ నీ మీదే పడ్తది.

పదకొండేళ్లుగా చూస్తున్న. క్యాష్ తెచ్చినోడు మొత్తం ఎంత అని అడుగుతడు, బేరం ఆడతడు, ఒక మోడల్ కిందికి దిగుతడు. ఈఎంఐ కస్టమర్ నెలకు ఎంత అని అడుగుతడు. 900 ఎక్కువైతది సార్ అంటే పై మోడల్ తీస్కపోతడు. మాకు నీ లాంటోడే దేవుడు. బాధగా ఉంది కానీ నిజం గిదే.

లెక్కలపిచ్చి:
సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే సర్క్యులర్‌లో రాసింది. పేరు మార్చి నో కాస్ట్ అన్నారు. పండగ సేల్‌కి పేపర్ మొదటి పేజీలో ఇప్పటికీ వస్తూనే ఉంటుంది.

గోదారిగట్టు:
మా తమ్ముడిది ఇంకో కథ. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకున్నాడు. టీ కొట్టు, పానీపూరీ, జిరాక్స్, అన్నీ స్కానింగే. ముందు కార్డు అంటే బట్టల షాపులోనే తీసేవాడు. ఇప్పుడు 15 రూపాయల టీ కూడా అప్పే. నెలాఖరుకు బిల్లు 19 వేలు వస్తే, నేనేం కొనలేదే అని ఇల్లంతా వెతికాడు. నిజంగానే ఇంట్లో ఏమీ లేదు.

పాత_మేనేజర్:
సరే, తిట్టడం అయిపోయింది, దారి చూద్దాం. మియాపూర్ బాబూ, మూడు పనులు. రొటేషన్ ఈ రోజే ఆపు. రెండు కార్డులూ కత్తిరించకపోయినా యాప్‌లో ఆన్‌లైన్, షాపు వాడకం ఆఫ్ చెయ్యి. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి, బాకీ మొత్తాన్ని తక్కువ వడ్డీకి ఈఎంఐగా మార్చమని అడుగు. స్కోరు బాగుంది, ఇప్పటిదాకా తప్పలేదు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఉంది. రెండు మూడు నెలలు తప్పాక అడిగితే ఆ రేటు రాదు.

ఇంట్లో బంగారం ఉంటే ఇంకా మేలు. గోల్డ్ లోన్ రూపాయి వడ్డీకి అటూ ఇటుగా వస్తుంది. 2,30,000కి నెలకు 2,300 వడ్డీ. ఇప్పుడు కట్టే 9,500 ఎక్కడ?

లెక్కలపిచ్చి:
బంగారం లేకపోయినా చూడండి. 2,30,000ని 16 శాతానికి 24 నెలల ఈఎంఐ చేస్తే 11,261. వడ్డీ మీద జీఎస్టీ కలిపితే సగటున 11,600 లోపు. నువ్వు ఇప్పుడు కడుతున్న మినిమం 11,500! అదే డబ్బు. ఒక దారిలో రెండేళ్లకు సున్నా, ఇంకో దారిలో ఐదేళ్లకు సగం.

తెనాలి_అక్క:
మేనేజర్ గారూ, మీరు పెద్దవారు. కానీ ఒక మాట. ఆ బంగారం ఎవరిది? ఆ అమ్మాయిది. ఆమెకు ఈ అప్పుల సంగతే తెలియదని మొదటి లైన్లోనే రాశాడు. ఇక్కడ కూర్చుని మనం ఆమె గాజులకు లెక్కలు కడుతున్నాం.

మా ఆయన 2016లో ఇలాగే ఫ్రిజ్, బండి, టీవీ అన్నీ వాయిదాల మీద తెచ్చి, చివరికి నా నాలుగు పేటల గొలుసు తీసుకెళ్లి పెట్టాడు. ఆరు నెలల్లో విడిపిస్తానన్నాడు. గొలుసు పెట్టగానే కార్డు ఖాళీ అయింది కదా, మళ్లీ గీకడం మొదలెట్టాడు. ఏడాదిన్నరకు కార్డూ నిండింది, వేలం నోటీసూ వచ్చింది. మా అన్నయ్య వచ్చి కట్టకపోతే గొలుసు పోయేది. తక్కువ వడ్డీ మంచిదే. కానీ చేతి అలవాటు మారకుండా అప్పు చోటు మారిస్తే రెండు అప్పులు అవుతాయి.

పాత_మేనేజర్:
ఒప్పుకుంటున్నానమ్మా. ఆ మాట నేను ముందు అడగాల్సింది.

తెనాలి_అక్క:
ఇంకో సంగతి. ఈ రొటేషన్ మాకు కొత్త కాదు. 2010కి ముందు మా ఊళ్లో మైక్రోఫైనాన్స్ వాళ్లు నాలుగు కంపెనీల నుంచి వచ్చేవారు. సోమవారం ఒకళ్లు, మంగళవారం ఇంకొకళ్లు. సోమవారం కిస్తీ కట్టడానికి మంగళవారం వాళ్ల దగ్గర తీసుకునేవాళ్లం. ఒకామె కట్టకపోతే మిగతా వాళ్లం ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా అదే బతుకు. అప్పుడు చదువు రాని ఆడవాళ్లు, లెక్క తెలియక మునిగారు అని పేపర్లలో రాశారు. ఇప్పుడు చదువుకున్న మగపిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని అదే చేస్తున్నారు. వీళ్లను ఎవరూ లెక్క తెలియనివాళ్లు అనరు.

జెర్సీ_తెలుగోడు:
అక్కా, ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

కాల్‌సెంటర్_మాజీ:
నేను రెండున్నరేళ్లు కలెక్షన్స్‌లో చేశాను, ఇప్పుడు మానేశాను. ఇటువైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. గడువు దాటిన రోజుల్ని బట్టి ఖాతాలను బకెట్లుగా పెడతారు. 30 రోజుల లోపు మొదటి బకెట్, మర్యాదగా మాట్లాడతారు. 60, 90 దాటేకొద్దీ గొంతు మారుతుంది. ఎప్పుడు కడతారో ఒక తేదీ మీ నోటితో చెప్పించడమే మా పని, దాన్ని పీటీపీ అంటాం. భయంతో రేపు కడతానని అబద్ధం చెప్పకండి. తేదీ తప్పితే పక్క సీటు వాడికి మీ ఫైలు వెళ్తుంది, వాడు నా అంత మెత్తగా ఉండడు. కట్టలేకపోతే మెయిల్ రాయండి. రాతలో ఉన్నదే లెక్క.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. బంధువులకు, ఆఫీసుకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. చేస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు తరఫున ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టండి. డబ్బులేమీ అడగరు.

సెటిల్‌మెంట్ అంటూ ఎవరైనా సగానికి తగ్గిస్తాం అంటే ఎగిరి గంతేయకండి. సిబిల్ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, క్లోజ్డ్ అని కాదు. రేపు ఇంటి లోన్‌కు వెళ్తే ఆ ఒక్క పదం అడ్డం కూర్చుంటుంది. పూర్తిగా చేతులెత్తేసిన వాళ్లకు అదే దారి కావచ్చు, ఈ తమ్ముడికి కాదు.

మియాపూర్_మధ్యతరగతి:
థాంక్స్ అన్నా. యాప్ సంగతి ఏం చేయాలి? అన్నిటికన్నా దాని టెన్షనే ఎక్కువ.

కాల్‌సెంటర్_మాజీ:
ముందు అది అసలు యాపా, దొంగ యాపా చూడు. వెనక ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఉందో పేరు ఉండాలి. ఏడాదికి మొత్తం ఖర్చు శాతం ఎంతో చూపించే కేఎఫ్ఎస్ (లోన్ ముఖ్య వివరాల) కాగితం ఇవ్వాలి. నీ కాంటాక్టులు, ఫొటోలు చూసే పర్మిషన్ అడగకూడదు. 2022 సెప్టెంబరు నుంచి ఇవి రూల్స్. కాంటాక్టులు లాక్కున్నది, వారం రోజుల గడువు పెట్టేది అయితే అది లోన్ కాదు, వల. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో పోలీసులు ఇలాంటి కాల్ సెంటర్ల మీద దాడులు చేసేనాటికి కొందరు ప్రాణాలే తీసుకున్నారు. బెదిరింపులు, మార్ఫింగ్ ఫొటోలు వస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

నిర్వాహకుడు:
ఇది చదువుతున్న వాళ్లలో ఎవరికైనా మనసు బాగా బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చర్చ కొనసాగించండి.

మియాపూర్_మధ్యతరగతి:
చూశాను. ఎన్‌బీఎఫ్‌సీ పేరు ఉంది, కాంటాక్టులు అడగలేదు. ఖరీదైనదే గానీ దొంగది కాదు. ఊపిరి పీల్చుకున్నాను.

పాయింట్ల_రాజా:
బ్రో, నా మొదటి పోస్టు కాస్త ఎక్కువైంది. సారీ. కానీ ఇంటి సామాన్లు, ఫోన్, బయట తిండి సంగతి కూడా నిజాయితీగా రాయి. పెళ్లి అప్పు వేరే ఖాతాలో ఉంది. ఈ 2,30,000 దేనికి అయిందో చెప్పలేదు.

మియాపూర్_మధ్యతరగతి:
స్టేట్‌మెంట్లు తిరగేశాను. సోఫా 38 వేలు. పాప మొదటి పుట్టినరోజు ఫంక్షన్ హాలు, భోజనాలు 71 వేలు. ఆఫీసు వాళ్లు 120 మందిని పిలిచాను. అందులో ఇప్పటికీ నాతో మాట్లాడేవాళ్లు ఆరుగురు. ఫుడ్ ఆర్డర్లు నెలకు నాలుగు వేలు ఉండేవి. మిగతాదంతా కిరాణా, వడ్డీ, లేటు కాకపోయినా ఏవేవో చార్జీలు. ఒక బ్లూటూత్ స్పీకర్ కూడా ఉంది. అది ఎక్కడుందో నాకే తెలియదు.

తెనాలి_అక్క:
ఇప్పుడు ఆ అమ్మాయికి చెప్పు నాయనా. మాకు చెప్పినట్టే, అంకెలతో.

మియాపూర్_మధ్యతరగతి (12 రోజుల తర్వాత):
చెప్పాను. ఆదివారం పాప పడుకున్నాక ఒక కాగితం మీద అన్నీ రాసి ముందు పెట్టాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఎనిమిది నెలలు రొటేషన్ చేశావు, ఒక్క రోజు కూడా నాకు చెప్పాలనిపించలేదా అంది. మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు ఆ కాగితం అడిగి తీసుకుంది. కింద తన అక్షరాలతో అద్దె 17 వేలు అన్నదాన్ని గీతతో కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. బంగారం జోలికి వెళ్లొద్దు, అది పాపది అంది. నేను సరే అన్నాను.

మొదటి బ్యాంకు 1,42,000ని 24 నెలల ఈఎంఐకి ఒప్పుకుంది, 16 శాతం. రెండో బ్యాంకు కుదరదంది.

తర్వాత నాన్నకు ఫోన్ చేశాను. పాత మేనేజర్ గారు చెప్పినట్టే రూపాయల్లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మూడున్నర రూపాయలకు ఎవడిచ్చాడ్రా, వాడి ఇల్లు ఎక్కడ, నేనొచ్చి మాట్లాడతా అన్నారు. బ్యాంకు నాన్నా అంటే నమ్మలేదు. బ్యాంకు పంట లోన్‌కు రూపాయి వడ్డీ కూడా వేయదు గదరా, నీకు మూడున్నరా అన్నారు.

పాత_మేనేజర్:
మీ నాన్నగారి ప్రశ్నకు నా దగ్గర కూడా జవాబు లేదు బాబూ.

మియాపూర్_మధ్యతరగతి (నాలుగు నెలల తర్వాత):
అప్‌డేట్ ఇస్తానన్నాను కదా. నాన్న ఊళ్లో లక్ష చిట్టీ 91 వేలకు పాడి పంపారు. రెండో కార్డు ఒక్క దెబ్బకు తీర్చేశాను. చిట్టీ వాయిదా నెలకు ఐదు వేలు నేనే పంపుతున్నాను, మొదటి నెల ఒక రోజు ఆలస్యమైతే పొద్దున ఆరింటికే ఫోన్ వచ్చింది. రికవరీ ఏజెంట్ల రూల్ నాన్నకు వర్తించదు.

ఇల్లు మారాం. లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు, 12,500. అన్నీ పోను చేతిలో 11 వేల చిల్లర ఉంటోంది. ఫోన్ మూడు నెలలు, యాప్ రెండు నెలలు మిగిలాయి. కిరాణా మా ఆవిడ నోట్లతోనే తెస్తుంది. కవర్‌లో డబ్బు అయిపోతే ఆ వారం పప్పుచారే. స్పీకర్ ఇల్లు మారేటప్పుడు దొరికింది, ఆన్‌లైన్‌లో 600కు అమ్మేశాం.

పోయిన నెలలో ఒక వారం చాలా కష్టమైంది. పాపకు జ్వరం, హాస్పిటల్‌లో 5,800. చేయి మొదటి కార్డు వైపే వెళ్లింది. చివరికి ఆఫీసులో ఒకతన్ని చేబదులు అడిగాను. సిగ్గేసింది. జీతం రాగానే ఇచ్చేశాను.

ఒక చిన్న ప్రశ్న. రెండో కార్డు మూసేయమని మెయిల్ పెట్టి పది పనిదినాలు అయింది. మూయడం లేదు. ఫోన్ చేసి లిమిట్ పెంచుతాం, ఫీజు తీసేస్తాం అంటున్నారు. ఏం చేయాలి?

పాత_మేనేజర్:
బాకీ సున్నా అయ్యాక అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే మూసేదాకా రోజుకు 500 రూపాయలు నీకు వాళ్లే ఇవ్వాలి. 2022 ఆదేశాల్లోనే ఉంది. ఆ వాక్యం మెయిల్‌లో రాసి, అంబుడ్స్‌మన్ మాట కూడా కలుపు.

మియాపూర్_మధ్యతరగతి:
రాశాను సార్. మర్నాడే మూసేశారు. డబ్బు జమ చేస్తామని మెయిల్ వచ్చింది, ఇంకా పడలేదు. చూస్తున్నాను.

పాయింట్ల_రాజా:
సూపర్ బ్రో. మూసే ముందు పాయింట్లు వాడుకున్నావు కదా?

మియాపూర్_మధ్యతరగతి:
అయ్యో. ఆరు వేల పాయింట్లు ఉండాలి. మర్చేపోయాను.

పాయింట్ల_రాజా:
😭😭

తెనాలి_అక్క:
పోనీలే నాయనా. పాపకు జ్వరం తగ్గిందా?